ఒంట్లో బాగున్నప్పుడు పరీక్షలు ఎందుకు, ఎన్ని?

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదంటారు. ఏ జబ్బూ లేకపోయినా ఏడాదికోసారి ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలనే సలహాకు మూలం ఈ తర్కమే. జబ్బు ముందుగా దొరికితే తేలిగ్గా నయమవుతుంది, ఏమీ లేదని తేలితే మనసు కుదుటపడుతుంది. ఎటు చూసినా పోయేదేముంది? ఇంత సబబుగా వినిపించే మాటను నిరూపించి చూపమని అడగాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు. తోచి, అడగడం మొదలుపెట్టి అరవై ఏళ్లయింది. వచ్చిన జవాబు ఇప్పటికీ చాలామంది వైద్యులకు మింగుడుపడదు.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. ఈ చర్చ ఏ లక్షణాలూ, దీర్ఘకాలిక జబ్బులూ లేని పెద్దల గురించి. షుగరో ఉబ్బసమో ఉన్నవారు మూడు నెలలకోసారి వైద్యుడికి చూపించుకోవడం చికిత్సలో భాగం. ఒంట్లో ఏదో తేడాగా ఉందని పరీక్షకు వెళ్లడం జబ్బేమిటో తేల్చుకోవడం. ఆ రెండింటి అవసరాన్నీ ఎవరూ కాదనరు. చిక్కంతా బాగున్నవారి దగ్గరే.

ఆరోగ్యవంతులను కూడా నిర్ణీత కాలానికోసారి పరీక్షించాలన్న ఆలోచనను 1861లోనే లండన్ వైద్యుడు హొరేస్ డోబెల్ ముందుకు తెచ్చాడు. దాన్ని జనంలోకి తీసుకెళ్లింది మాత్రం 20వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని జీవిత బీమా కంపెనీలు. పాలసీదారు ఎంత ఎక్కువకాలం బతికి ప్రీమియం కడితే కంపెనీకి అంత మేలు కదా! 1922 నాటికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా దీన్ని సమర్థించింది. అప్పటికి పెన్సిలిన్ రాలేదు, రక్తపోటును నిలకడగా తగ్గించే మందు లేదు. ఏదైనా దొరికినా చేయగలిగింది స్వల్పం. అలవాటు ముందు పాతుకుపోయింది, ఆధారాల కోసం వెతుకులాట ఆ తర్వాత నలభై ఏళ్లకు మొదలైంది.

1964లో అమెరికాలో ఆరోగ్య బీమా, వైద్యం రెండూ అందించే కైజర్ పర్మనెంటే సంస్థ తన సభ్యుల్లో 35 నుంచి 54 ఏళ్ల మధ్యవారిని పదివేల మందికి పైగా తీసుకుని రెండు వర్గాలు చేసింది. ఒక వర్గాన్ని ఏటా పరీక్షలకు రమ్మని పదే పదే పిలిచారు. రెండో వర్గం వారిని వారి మానాన వదిలేశారు. పదహారేళ్లు గడిచాక మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఆ లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. ముందుగా పట్టుకుంటే వాయిదా వేయగలమని అధ్యయనం మొదట్లోనే గుర్తించిన కొన్ని మరణాలు, ప్రధానంగా అధిక రక్తపోటు, పెద్దపేగు క్యాన్సర్ వల్ల వచ్చేవి, మొదటి వర్గంలో 30 శాతం తగ్గాయి. పేగు క్యాన్సర్ మరణాల తగ్గుదలకు అప్పుడు పేగులోకి గొట్టం పంపి చేసిన పరీక్షే కారణమని చెప్పలేమని తర్వాతి విశ్లేషణలో తేలింది. రక్తపోటు సంగతి మాత్రం నిలబడింది. పరీక్షల మూట మొత్తంగా ఆయుష్షు పెంచలేదు గానీ, అందులోని ఒకటి రెండు అంశాలకు విలువ ఉందన్న సూచన మొట్టమొదటి పెద్ద ప్రయోగంలోనే దొరికింది. ఈ విషయంలో ఆ తర్వాత వచ్చినదంతా దాదాపు ఈ ఫలితానికి వ్యాఖ్యానమే.

1977లో ఫలితాలు వెలువడిన, ఆగ్నేయ లండన్‌లో దాదాపు ఏడువేల మందితో చేసిన అధ్యయనంలోనూ తొమ్మిదేళ్ల తర్వాత రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. 1979లో కెనడా ప్రభుత్వ నిపుణుల బృందం ఏటేటా చేసే సర్వ పరీక్షలను మానేసి, వయసును బట్టి, స్త్రీలా పురుషులా అన్నదాన్ని బట్టి ఎంపిక చేసిన పరీక్షలు మాత్రమే చేయాలని సిఫార్సు చేసింది. ఈ ప్రశ్నపై జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సంస్థ సమీక్ష 2012లో వచ్చింది, 2019లో దాన్ని సవరించారు. మొత్తం 17 ప్రయోగాలు, రెండున్నర లక్షల మందికి పైగా మనుషులు. మొత్తం మరణాల మీద ప్రభావం సున్నా. క్యాన్సర్ మరణాల మీదా, గుండె జబ్బుల మరణాల మీదా కూడా ప్రభావం లేనట్టే.

ఇవన్నీ పాతకాలపు ప్రయోగాలనీ, కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు లేని రోజుల్లో చేసినవనీ ఒక అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. దానికి డెన్మార్క్ కొంతవరకు జవాబిచ్చింది. 1999లో అక్కడ మొదలైన ఇంటర్99 అనే ప్రయోగంలో 30 నుంచి 60 ఏళ్ల వయసున్న 59,616 మంది నుంచి 11,629 మందిని పరీక్షలకు పిలిచారు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి పొగతాగడం, తిండి, వ్యాయామం విషయంలో ఐదేళ్లపాటు సలహాలిచ్చారు. పదేళ్లకు గుండె జబ్బులు, పక్షవాతం, మరణాలు, వేటిలోనూ తేడా లేదు. వయసు పైబడిన మగవారిలోనైనా ఫలితం ఉంటుందేమోనని 65 నుంచి 74 ఏళ్ల మధ్యవారు 46 వేల మందితో అదే దేశంలో మరో ప్రయోగం చేశారు. గుండె, రక్తనాళాల స్కానింగులన్నీ చేసి చూస్తే, ఐదేళ్లలో పిలిచినవారిలో 12.6 శాతం, పిలవనివారిలో 13.1 శాతం మంది మరణించారు. ఆ అర శాతం తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేమని 2022లో ప్రకటించారు.

ఎందుకిలా జరుగుతోంది? ఒక కారణం పిలిస్తే వచ్చేవారిలో ఉంది. పరీక్షలకు శ్రద్ధగా హాజరయ్యేవారు సాధారణంగా చదువుకున్నవారు, ఉన్నంతలో ఒళ్లు చూసుకునేవారు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు ఆ ఛాయలకు రాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాసింది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఇంకో కారణం, జలుబుకో నడుం నొప్పికో వెళ్లినప్పుడు మంచి వైద్యుడు ఎలాగూ బీపీ చూస్తాడు, ఏమైనా తేడా ఉంటే ఆరా తీస్తాడు. అంటే పరీక్షలకు పిలవని వర్గంలోనూ కొంత పని జరిగిపోతూనే ఉంటుంది. మూడో కారణం చేదుగా ఉంటుంది: పరీక్షల వల్ల కొందరికి జరిగిన మేలును మరికొందరికి జరిగిన కీడు కొంత మింగేస్తూ ఉండవచ్చు.

పరీక్ష కీడు చేయడమేమిటి అనిపిస్తుంది. అందుకు రక్తపరీక్ష రిపోర్టులో కుడివైపున ఉండే నార్మల్ అంకెల వరుసను చూడాలి. చాలా పరీక్షలకు ఆ హద్దులను నిర్ణయించే పద్ధతి ఇది: ఆరోగ్యవంతులు ఎందరికో పరీక్ష చేసి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెలను నార్మల్ అంటారు. ఏ జబ్బూ లేని మిగతా ఐదు శాతం మంది ఆ నిర్వచనం ప్రకారమే హద్దు దాటినవారు అవుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కనీసం ఒకదాంట్లో తేడా వచ్చే అవకాశం 64 శాతం. అరవై, ఎనభై పరీక్షలున్న ప్యాకేజీలో అన్నీ నార్మల్ రావడమే అరుదు. ఇన్ని పరీక్షలు ఉన్నాయన్నదాన్నే గొప్పగా ప్రకటించుకునేవారు ఈ లెక్కను ఎక్కడా అచ్చువేయరు.

హద్దు దాటిన అంకెను రిపోర్టులో ముదురు అక్షరాల్లో, పక్కన పైకి చూపే బాణంతో అచ్చువేస్తారు. లివర్ ఎంజైము 40 లోపు ఉండాల్సింది 47 ఉందనుకుందాం. ఒక మోస్తరు ఒళ్లున్నవారికీ, ముందురోజు బాగా వ్యాయామం చేసినవారికీ అది మామూలే. కానీ ఆ బాణాన్ని చూశాక ఊరుకోవడం కష్టం. కడుపు అల్ట్రాసౌండ్ తీయిస్తారు. అందులో లివర్ మీద చిన్న మచ్చ కనిపిస్తుంది. చాలామటుకు అది పుట్టుకతో వచ్చిన రక్తనాళాల ముద్దే అయివుంటుంది, అయినా నిర్ధారించుకోవడానికి సీటీ స్కాన్ రాస్తారు. సీటీలో లివర్ సంగతి తేలిపోతుంది గానీ, ఊపిరితిత్తి అడుగుభాగంలో నాలుగు మిల్లీమీటర్ల బుడిపె ఒకటి బయటపడుతుంది. కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ చేయించమంటారు. ఒక కడుపు సీటీలో ఒంటికి సోకే రేడియేషన్, ప్రకృతి నుంచి దాదాపు మూడేళ్లలో సోకేంత ఉంటుంది. ఈ దారిలో ఎవరూ తప్పు చేయలేదు. ఒక్కో మెట్టు దగ్గర తీసుకున్న నిర్ణయం విడిగా చూస్తే సమంజసమే. మొదటి మెట్టు ఎందుకెక్కారన్నదే ప్రశ్న.

పరీక్ష ఎంత మంచిదైనా అరుదైన జబ్బు దగ్గర తడబడుతుంది. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బును, దాదాపు ప్రతిసారీ పట్టుకోగల పరీక్ష ఒకటి ఉందనుకుందాం. జబ్బు లేనివారిలో ఐదు శాతం మందికి మాత్రం అది పొరపాటున ఉందంటుంది. వెయ్యిమందికి చేస్తే అసలు రోగి ఒకరు, ఉత్తుత్తి రోగులు యాభైమంది తేలుతారు. పాజిటివ్ అని కాగితం పట్టుకున్న 51 మందిలో 50 మందికి జబ్బు లేదు. అదే పరీక్షను లక్షణాలు ఉన్నవారికి చేస్తే లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే వారిలో జబ్బు ఉండే అవకాశమే ఎక్కువ. ఒకే యంత్రం, ఒకే రక్తం. ఎవరికి చేశారన్నదాన్ని బట్టి దాని మాటకు విలువ మారిపోతుంది.

తప్పుడు పాజిటివ్ చివరికి ఎప్పుడో తేలిపోతుంది. అంతకంటే చిక్కైనది, జబ్బు నిజంగానే ఉండి, ఆ మనిషిని జీవితాంతం ఏమీ చేయకుండా ఉండిపోయేది. దక్షిణ కొరియాలో జరిగింది ఇదే. 1999లో అక్కడ ప్రభుత్వం జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు గానీ, ఎలాగూ వచ్చారు కదా అని మెడకు అల్ట్రాసౌండ్ కొద్దిపాటి అదనపు రుసుముతో చేయడం ఆనవాయితీ అయింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా క్యాన్సర్ అన్నారు. ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం అంతకుముందూ ఆ తర్వాతా ఏడాదికి నాలుగువందల లోపే. అంటే కొత్తగా కనుక్కున్న వేలాది క్యాన్సర్లలో ప్రాణం తీసేవి దాదాపు లేవు. అయినా దాదాపు అందరికీ చికిత్స చేశారు, ఎక్కువమందికి థైరాయిడ్ గ్రంథిని తీసేశారు. వారు బతికినంతకాలం హార్మోన్ మాత్రలు వేసుకోవాలి. ఆపరేషన్ అయినవారిలో దాదాపు పదోవంతు మందికి కాల్షియం తగ్గిపోయే సమస్య మిగిలింది, నూటికి ఇద్దరికి స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. 2014లో కొందరు వైద్యులు బహిరంగంగా గొంతు విప్పాక ఒక్క ఏడాదిలోనే ఆపరేషన్లు మూడోవంతుకు పైగా తగ్గిపోయాయి. మరణాలు అలాగే ఉన్న చోట ఆపరేషన్లు ఇన్ని పెరిగి ఇంత త్వరగా తగ్గాయంటే, అవి జరగాల్సినవి కావని వేరే చెప్పనక్కర్లేదు.

క్యాన్సర్‌ను ముందే పట్టుకున్నారు, ఐదేళ్ల తర్వాత కూడా బాగున్నారు అన్న కథలు ఇన్ని వినిపిస్తున్నాయి కదా అని అడగవచ్చు. ఆ లెక్కలో ఒక మాయ ఉంది. ఒక మనిషి తన జబ్బుతో 70వ ఏట చనిపోతాడనుకుందాం. లక్షణాలు కనిపించి 67లో జబ్బు బయటపడితే అతను మూడేళ్లు బతికినట్టు. అదే జబ్బు స్కానింగులో 62లోనే బయటపడి, చికిత్స ఏ మాత్రం పనిచేయకపోయినా ఎనిమిదేళ్లు బతికినట్టు. ఐదేళ్లు దాటినవారి జాబితాలోకి కూడా ఎక్కుతాడు. చనిపోయింది అదే రోజున. పెరిగింది జబ్బు ఉందని తెలిసి గడిపిన కాలం. అందుకే ముందుగా పట్టడం వేరు, మరణాన్ని తప్పించడం వేరు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో చేసిన అండాశయ క్యాన్సర్ ప్రయోగం దీన్ని నిర్దాక్షిణ్యంగా చూపింది. సీఏ-125 అనే రక్తపరీక్షతో తొలిదశ క్యాన్సర్లు ఎక్కువగానే దొరికాయి. 2021లో ప్రకటించిన ఫలితాల్లో మరణాలు మాత్రం తగ్గలేదు. ఆ రక్తపరీక్షను ఇప్పటికీ కొన్ని ప్యాకేజీల్లో అమ్ముతున్నారు.

ఇంతవరకు చదివి పరీక్షలన్నీ దండగ అనుకుంటే అదీ పొరపాటే. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ఒక పరీక్షను బాగున్నవారికి ఎప్పుడు చేయవచ్చో పది సూత్రాలుగా రాశారు. వాటిలో గట్టివి మూడు: జబ్బుకు లక్షణాలు పైకి కనిపించని దశ ఒకటి ఉండాలి, ఆ దశలో దాన్ని పట్టగల పరీక్ష ఉండాలి, అప్పుడు పట్టుకున్నందువల్ల పనికొచ్చే చికిత్స ఉండాలి. ఈ మూడూ అచ్చంగా కలిసొచ్చేది రక్తపోటు విషయంలో.

1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవారితో ఒక ప్రయోగం చేశారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 27 మందికి పక్షవాతం, గుండె విఫలం కావడం లాంటి తీవ్ర ప్రమాదాలు వచ్చాయి. మందు తీసుకున్నవారిలో ఇద్దరికే. వైద్యంలో ఇంత స్పష్టమైన తేడా అరుదుగా కనిపిస్తుంది. తర్వాతి దశాబ్దాల ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, పై అంకెను 10 తగ్గించినా పక్షవాతం ముప్పు నాలుగోవంతుకు పైగా తగ్గుతుందని తేలింది. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్యవారిలో దాదాపు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందనీ, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. చాలామందికి తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. కొలిస్తే తప్ప తెలియదు. పద్దెనిమిది నుంచి 39 ఏళ్లలోపువారిలో ముప్పు తక్కువగా ఉన్నవారు మూడు నుంచి ఐదేళ్లకోసారి, ముప్పు ఎక్కువగా ఉన్నవారూ నలభై దాటినవారూ ఏటా బీపీ చూపించుకోవాలన్నది ముందుజాగ్రత్త పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందం మాట. ఆ బృందమైన అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ సిఫార్సును ఎవరూ పెద్దగా ప్రశ్నించరు.

చౌకైన పరీక్ష కావడం వల్లనేమో, దీన్ని నిర్లక్ష్యంగా చేసినంతగా మరి దేన్నీ చేయరు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవారిని నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూ కొలిచేస్తారు. సరైన పద్ధతి వేరు. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. మూత్ర విసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున ఆనుకుని ఉండాలి, పట్టీ చేయి లావుకు తగినది కావాలి, కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఎక్కువగా ఉంటే మందు మొదలుపెట్టేముందు ఇంట్లో కొన్ని రోజులు కొలిచి ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఆసుపత్రి వాతావరణానికే కొందరికి పెరుగుతుంది. నలభై రకాల రక్తపరీక్షల కంటే ఈ పది నిమిషాలు ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి.

ఆ వరుసలో తర్వాత చెప్పుకోవాల్సింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలు లక్షా ముప్పైవేల మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2009లో వచ్చాయి. జీవితంలో ఒక్కసారి, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స చేసినందుకే ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగమయ్యాయి. ఏటేటా చేయాల్సిన పని కూడా లేదు. ముప్పై ఏళ్ల నుంచి ఐదు, పదేళ్లకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పెద్దపేగు క్యాన్సర్‌కు 45 నుంచి 75 ఏళ్ల మధ్య మలపరీక్ష గానీ కొలనోస్కోపీ గానీ, అధిక బరువున్నవారికి 35 దాటాక షుగర్ పరీక్ష, స్త్రీలకు 40 నుంచి 74 వరకు రెండేళ్లకోసారి మామోగ్రఫీ అమెరికా సిఫార్సుల్లో ఉన్నాయి. మామోగ్రఫీని ఏ వయసులో మొదలుపెట్టాలన్నదానిపై దేశదేశానికీ అభిప్రాయం మారుతుంది. రోజుకో పెట్టె చొప్పున ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చినవారికి తక్కువ మోతాదు సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. కాల్చనివారికి అదే సీటీ చేయడానికి ఆధారం లేదు. మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష మాత్రం నిజంగా తేలని వ్యవహారం. కొన్ని మరణాలు తప్పుతాయి, దానికి మూల్యంగా ఎందరో మగవారు మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సమస్యలతో మిగులుతారు. 55 నుంచి 69 ఏళ్లవారు వైద్యుడితో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోవాలని, 70 దాటాక వద్దని అంటారు.

గుండె జబ్బు ముప్పు తక్కువగా ఉన్నవారికి ఈసీజీ, మెడ రక్తనాళాల స్కానింగు వంటివి చేయవద్దని ఆ టాస్క్‌ఫోర్స్ చెబుతోంది. ఒళ్లంతా ఎంఆర్ఐ తీయించుకోవడాన్ని సిఫార్సు చేయడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా రేడియాలజిస్టుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ) 2023లో ప్రకటించింది. ఆ యంత్రాలతో పనిచేసేవారే ఆ మాట అన్నారంటే దానికో విలువ ఇవ్వాలి.

ఏటేటా పరీక్షలను సమర్థించేవారి వాదనలో బలమైనది మరణాల లెక్క కాదు, పరిచయం. 2021లో 32 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష కూడా ఆయుష్షు పెరగదనే ఒప్పుకుంది. అయితే ఇలా క్రమంగా వెళ్లేవారిలో మానసిక కుంగుబాటు, అధిక రక్తపోటు వంటివి ఎక్కువగా బయటపడుతున్నాయని, టీకాలు, క్యాన్సర్ పరీక్షలు సకాలంలో పూర్తవుతున్నాయని చెప్పింది. ఏళ్ల తరబడి వైద్యుడి మొహం చూడనివారికి ఒకసారి వెళ్లి కూర్చోవడం వల్ల మేలే. అక్కడ జరగాల్సింది ముఖ్యంగా మాటలు: ఇంట్లో ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు వచ్చింది, పొగ, మద్యం, నిద్ర, దిగులు. తండ్రికి 45వ ఏట గుండెపోటు వచ్చిందన్న ఒక్క మాటతో కొలెస్ట్రాల్ పరీక్ష ముందుకు జరుగుతుంది. ఆ మాట రాబట్టడానికి సూది అక్కర్లేదు. ఏదైనా పరీక్ష రాసినప్పుడు, ఇందులో తేడా వస్తే మీరు ఏం చేస్తారని వైద్యుణ్ని అడగవచ్చు. దానికి సూటిగా జవాబు లేకపోతే ఆ పరీక్షను పక్కన పెట్టినా నష్టం లేదు.

ఇక పెద్దగా ఎవరూ చెప్పుకోని ప్రమాదం నార్మల్ అని వచ్చిన రిపోర్టులో ఉంది. రెండు నెలల క్రితమే అన్నీ చేయించాను, అంతా బాగుందన్నారు అనే ధీమాతో మలంలో రక్తం పడుతున్నా, రొమ్ములో గడ్డ తగులుతున్నా, నడిస్తే ఛాతీ బరువెక్కుతున్నా వచ్చే ఏడాది చెకప్ దాకా ఆగేవారు ఉంటారు. రిపోర్టు చెప్పింది ఆ రోజు సంగతి, అదీ అందులో వెతికిన జబ్బుల వరకే. కొత్తగా లక్షణం కనిపించిన క్షణం నుంచి ఆ మనిషి ఈ చర్చ పరిధిలో లేడు. కిందటిసారి కాగితాల్లో ఏమున్నా అతనికి ఆ వారంలోనే వైద్యుడు చూసి, ఆ లక్షణానికి తగిన పరీక్ష చేయాలి.